మూడేళ్లు దాటిన ఫెర్రెట్ మీద ఓ కన్నేయండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఫెర్రెట్ల గురించే. ఫెర్రెట్ అంటే ముంగిసలా సన్నగా పొడవుగా ఉండే, మాంసం తినే చిన్న పెంపుడు జంతువు. ఒకే విషయం అడిగిన వాటిని కలిపేశాను. మందు ఎంత వేయాలో చెప్పమన్న వాళ్లకి మాత్రం ఇక్కడ జవాబు దొరకదు. కిలో బరువుండే ప్రాణికి డోసు చూసి, తూచి రాయాల్సిందే తప్ప ఉత్తరాల్లో చెప్పేది కాదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, పదేళ్ల మా అబ్బాయి ఫెర్రెట్ కావాలని పట్టుబట్టాడు. ఎన్నాళ్లు బతుకుతుందని అడిగితే ఒకరు ఐదేళ్లంటారు, ఇంకొకరు పన్నెండంటారు. ఏది నమ్మాలి?

జవాబు: 5 నుంచి 8 ఏళ్లు అనుకోండి. పదేళ్లు దాటినవీ ఉన్నాయి కానీ వాటిని లెక్కలోకి తీసుకుని ఇంట్లోకి తెచ్చుకోకూడదు. మీవాడు సరిగ్గా పెద్ద పరీక్షల మధ్యలో ఉన్నప్పుడు ఇది ముసలిదై, రోజుకి రెండు పూటలా మందులు అడుగుతుంది. ఆ మందులు వేసేది మీరే. వాడు కాదు. అందుకని ప్రశ్న వాడిది కాదు, మీది.

నేను ఇంకో మాట కూడా చెబుతాను. ఎన్నాళ్లు బతుకుతుందన్న దానికన్నా ఎంత త్వరగా పెద్దదవుతుందన్నది ముఖ్యం. కుక్కకి మూడేళ్లంటే ఇంకా కుర్రతనమే. ఫెర్రెట్‌కి అప్పటికే నడివయసు వచ్చేస్తుంది. దీని జబ్బుల్లో పెద్దవి మూడు: క్లోమంలో వచ్చే ఇన్సులినోమా, అడ్రినల్ గ్రంథి జబ్బు, లింఫోమా అనే కాన్సర్. మొదటి రెండూ ఎక్కువగా మూడేళ్లు దాటాకే మొదలవుతాయి. మూడోది మాత్రం ఏ వయసులోనైనా రావచ్చు. కాబట్టి మూడేళ్ల వరకు ఏడాదికోసారి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి డాక్టరుకి చూపించండి. ఆరు నెలల చెకప్‌లో రక్తంలో షుగర్ తప్పకుండా చూడమనండి.

ఇంట్లో చేయగలిగింది తూకం. వారానికోసారి వంటింటి త్రాసులో పెట్టి బరువు రాసుకోండి. మగది ఒకటి నుంచి రెండు కిలోలు, ఆడది 600 గ్రాముల నుంచి కిలో దాకా ఉంటుంది. చలికాలంలో బాగా ఒళ్లు చేసి ఎండాకాలానికి తగ్గడం వీటి సహజం. అది చూసి కంగారు పడకండి. పోయిన నెలతో కాదు, పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చుకోండి.

ప్రశ్న: మా మగ ఫెర్రెట్‌కి నాలుగున్నరేళ్లు. ఈమధ్య ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయి శూన్యంలోకి చూస్తుంది. వెనక కాళ్లు ఈడుస్తుంది. నోట్లో ఏదో ఇరుక్కున్నట్టు ముందు కాళ్లతో నోరు గోక్కుంటూ చొంగ కారుస్తుంది. నోరు తెరిచి చూస్తే ఏమీ లేదు. కాస్త తిన్నాక మామూలైపోతుంది. వయసు వల్లేనని మా బంధువు ఒకాయన అన్నారు.

జవాబు: వయసు జబ్బు కాదు. ఆ మాట విని ఆలస్యంగా తెచ్చిన ఫెర్రెట్లని చాలా చూశాను కాబట్టి కొంచెం కటువుగా చెబుతున్నాను. మీ బంధువు గారు ఏమీ అనుకోకూడదు.

మీరు రాసినవన్నీ కలిపి చూస్తే రక్తంలో షుగర్ పడిపోతున్నట్టే ఉంది. నడివయసు ఫెర్రెట్‌లో దానికి మొదటి అనుమానం ఇన్సులినోమా. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చిన్నచిన్న గడ్డలుగా పెరుగుతాయి. తిన్నా తినకపోయినా అవి ఇన్సులిన్ వదులుతూనే ఉంటాయి. మనుషుల్లో మనం ఎక్కువగా చూసే షుగర్ జబ్బుకి ఇది పూర్తిగా తలకిందులు. నోరు గోక్కోవడం నోటి సమస్య కాదు, వికారం. శూన్యంలోకి చూడటం, వెనక కాళ్లు తేలిపోవడం మెదడుకీ కండరాలకీ షుగర్ అందక. తిన్నాక సర్దుకోవడమే అసలు ఆనవాలు. ఇంకా ముదిరితే మూర్ఛ వస్తుంది.

పరీక్ష తేలికే. మూడు, నాలుగు గంటలు ఆహారం ఆపి రక్తం తీస్తారు. మామూలు ఫెర్రెట్‌కి షుగర్ సుమారు 90 నుంచి 125 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. ఈ లక్షణాలతో పాటు 60 కన్నా తక్కువ వస్తే ఇక పెద్దగా సందేహం ఉండదు. రెండు జాగ్రత్తలు. 'రాత్రంతా ఏమీ పెట్టకుండా పొద్దున్నే తెండి' అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. అది కుక్కలకీ పిల్లులకీ చెప్పే మాట. ఫెర్రెట్ తిన్నది మూడు, నాలుగు గంటల్లోనే కడుపులోంచి బయటికి వచ్చేస్తుంది. రాత్రంతా మాడ్చితే ఈ జబ్బున్నది ఫిట్స్‌లోకి వెళ్లిపోతుంది. రెండోది, మనుషులు వాడే గ్లూకోమీటర్ ఫెర్రెట్ రక్తంలో అసలున్న దానికన్నా తక్కువ చూపించవచ్చు. ఇంట్లో దాంతో చూసి భయపడేకంటే ల్యాబ్ అంకె తెప్పించుకోండి.

వైద్యం రెండు దారుల్లో ఉంది. మందులతో అయితే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌తో మొదలుపెట్టి, అది చాలకపోతే డయాజాక్సైడ్ కలుపుతాం. ఆపరేషన్ అయితే కనిపించిన గడ్డల్ని తీసేస్తాం. వయసు మరీ మీరకుండా, గుండె బాగుంటే నేను ఆపరేషన్ వైపే మొగ్గుతాను. కానీ ఒకటి ముందే చెబుతాను, ఇది పూర్తిగా నయమయ్యేది అరుదు. కంటికి కనిపించనంత చిన్న గడ్డలు క్లోమం నిండా ఉంటాయి, కొన్నాళ్లకి మళ్లీ షుగర్ పడుతుంది. ఆపరేషన్ వల్ల మందుల అవసరం వెనక్కి జరుగుతుంది. జాగ్రత్తగా చూసుకుంటే చాలా ఫెర్రెట్లు ఏడాది, అంతకన్నా ఎక్కువే హాయిగా గడుపుతాయి. స్టెరాయిడ్ మొదలుపెట్టాక బాగుంది కదా అని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపొద్దు.

ఇంట్లో పడిపోతే ఏం చేయాలో ఇప్పుడే నేర్చుకుని ఉంచండి. దూది చుట్టిన పుల్లతో తేనె చిగుళ్లకి రాయండి. వేలు పెట్టకండి, ఫిట్స్‌లో కొరికితే వదలదు. స్పృహలో లేనప్పుడు నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేరుకోగానే మాంసాహారం పెట్టి ఆస్పత్రికి బయల్దేరండి. తేనె ఒక్కటే పెట్టి ఊరుకుంటే పని చెడుతుంది. షుగర్ ఒక్కసారి పెరిగేసరికి ఆ గడ్డలు మరింత ఇన్సులిన్ కుమ్మరిస్తాయి, గంటలోపే ముందుకన్నా కిందికి పడుతుంది. ఈ కారణంగానే ఎండుద్రాక్ష, అరటిపండు, బిస్కెట్ లాంటివి ముద్దుగా పెట్టడం మానేయాలి. గిన్నెలో మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారం రాత్రి కూడా అందుబాటులో ఉండాలి.

ప్రశ్న: మా ఆడదానికి ఐదేళ్లు. చిన్నప్పుడే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. తోక మీద జుట్టు రాలడం మొదలై నడుము దాకా పాకింది. రెండు వైపులా ఒకేలా ఉంది. దురద ఉంది. గజ్జి అని లోషన్ ఇచ్చారు, తగ్గలేదు. ఇప్పుడు జననాంగం వాచినట్టుంది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

జవాబు: సిగ్గెందుకండీ. మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం అదే. తోక మీద మాత్రమే జుట్టు రాలి, సీజన్ మారాక మళ్లీ వస్తే పట్టించుకోనక్కర్లేదు. కానీ ఆపరేషన్ అయిన ఆడ ఫెర్రెట్‌కి జననాంగం వాచిందంటే ఒంట్లో ఎక్కడినుంచో ఆడ హార్మోన్లు వస్తున్నట్టు. అప్పట్లో అండాశయం ముక్క మిగిలిపోయిందా అన్నది ఒక ప్రశ్న. ఐదేళ్ల వయసులో, ఈ జుట్టు తీరుతో అయితే అడ్రినల్ జబ్బు అనుకోవడమే సబబు.

కారణం చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది. పగటి వెలుతురు పెరిగే కాలంలో మెదడు 'హార్మోన్లు వదలండి' అని కబురు పంపుతుంది. అండాశయాలు వదులుతాయి, ఆ హార్మోనే తిరిగి మెదడుకి 'ఇక చాలు' అని చెబుతుంది. చిన్నప్పుడే అండాశయాలు తీసేస్తే 'చాలు' అనేవాళ్లు ఉండరు. కబురు ఆగదు. కిడ్నీల పక్కనున్న అడ్రినల్ గ్రంథిలో ఆ కబురుకి పలికే కణాలు ఉంటాయి. ఏళ్ల తరబడి అవే స్పందించి స్పందించి, ఉబ్బి, కొన్నిసార్లు గడ్డలవుతాయి. ఇంట్లో అర్ధరాత్రి దాకా లైట్లు వెలుగుతూ ఉండటం కూడా ఇందులో కలుస్తుంది. మీ ఫెర్రెట్ పడుకునే చోట రాత్రి చీకటి ఉండేలా చూడండి.

కుక్కలకీ అడ్రినల్ జబ్బు వస్తుంది, కానీ అది వేరు. అక్కడ పెరిగేది కార్టిసాల్, ఇక్కడ పెరిగేవి సెక్స్ హార్మోన్లు. కుక్కలకి చేసే కార్టిసాల్ పరీక్ష చేసి 'అంతా నార్మల్' అంటే నమ్మి ఇంటికి వెళ్లిపోకండి. స్కానింగ్‌లో గ్రంథుల సైజు చూడాలి, వీలైతే సెక్స్ హార్మోన్ల పరీక్ష చేయించాలి.

చికిత్సకి డెస్లోరెలిన్ ఇంప్లాంట్ ఉంది. బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది, చర్మం కింద పెడతాం. 4.7 మిల్లీగ్రాములది చాలావాటిలో ఏడాది అటూ ఇటుగా పనిచేస్తుంది. వాపు కొద్ది వారాల్లో తగ్గుతుంది, జుట్టుకి ఇంకా టైమ్ పడుతుంది. పెట్టిన మొదటి రోజుల్లో లక్షణాలు కాస్త పెరిగినట్టు అనిపించినా కంగారు పడొద్దు. ఇది హార్మోన్లని అణచిపెడుతుంది గానీ ఉన్న గడ్డని కరిగించేస్తుందని అనుకోకండి. ఆపరేషన్ సంగతికొస్తే, ఎడమ గ్రంథిని తీయడం అనుభవమున్న సర్జన్‌కి పెద్ద పని కాదు. కుడిది శరీరంలోని పెద్ద సిర గోడకి అతుక్కుని ఉంటుంది. దాని జోలికి వెళ్లేముందు నేను కూడా రెండుసార్లు ఆలోచిస్తాను.

మగ ఫెర్రెట్లున్న వాళ్లు కూడా ఇది చదవాలి. వాటిలో ఇదే జబ్బుకి ప్రోస్టేట్ ఉబ్బి మూత్రనాళాన్ని నొక్కేస్తుంది. ముక్కుతూ, చుక్కచుక్కగా పోస్తున్నా, అసలు రాకపోయినా రేపటిదాకా ఆగడం లేదు. అదే రాత్రి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: అడ్రినల్ జబ్బు గురించి విని మా పది నెలల ఆడదానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించలేదు. నెల దాటినా వేడి (ఎదకు రావడం) తగ్గడం లేదు. జననాంగం వాపు అలాగే ఉంది. దానంతట అదే తగ్గుతుందా?

జవాబు: తగ్గుతుందని ఎదురుచూడకండి. ఆడ ఫెర్రెట్‌కి మగది కలిస్తే తప్ప అండం విడుదల కాదు. కలవకపోతే వేడి నెలల తరబడి నిలిచిపోవచ్చు, అప్పుడు ఒంట్లో పెరిగిపోయే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఎముక మజ్జని దెబ్బతీస్తుంది. ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ తగ్గిపోతాయి. చిగుళ్లు పాలిపోవడం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు, నల్లటి మలం కనిపించాయంటే పరిస్థితి చేయి దాటుతున్నట్టు. ఈ వారమే రక్త పరీక్ష చేయించండి.

జబ్బు వస్తుందని ఆపరేషన్ మానేయడం కరెక్టే, కానీ దాని బదులు ఏదో ఒకటి చేయాలి. ఇప్పుడు చాలామంది డాక్టర్లు ముందుగా చెప్పేది పైన రాసిన ఇంప్లాంటే. వేడినీ ఆపుతుంది, అడ్రినల్ మీద ఒత్తిడీ తగ్గిస్తుంది. గడువు తీరగానే మళ్లీ పెట్టించాలి. ఆ గడువు గుర్తుపెట్టుకోలేం అనుకునే వాళ్లకి ఆపరేషనే మంచిది. ఒక్క ఈత పిల్లల్ని కననిద్దాం అన్న సలహా మాత్రం వద్దు.

ప్రశ్న: ఏడాది పిల్ల. నిన్నటి నుంచి తినడం లేదు, పళ్లు కొరుకుతోంది. చెప్పు లోపలి అట్ట ఒక మూల కనిపించడం లేదు. వాంతి కాలేదు కాబట్టి మింగలేదనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. పేగులో ఏదైనా అడ్డుపడినా ఫెర్రెట్లు చాలాసార్లు వాంతి చేసుకోవు. పళ్లు కొరకడం కడుపునొప్పికి గుర్తు. ఇది చదివేలోపే వెళ్లి ఉంటారని ఆశిస్తున్నాను. రబ్బరు, స్పాంజ్ ఎక్స్‌రేలో సరిగా కనిపించవు, కాబట్టి ఏం పోయిందో చెప్పి మిగిలిన ముక్కని కూడా చూపించండి. నూనె పట్టించడం లాంటి సొంత వైద్యం వద్దు.

రెండేళ్ల లోపు వాటిలో మింగిన రబ్బరు, ముసలివాటిలో కడుపులో చేరిన జుట్టు ఉండ. ఈ రెండింటికే నేను ఎక్కువగా పొట్ట కోశాను. ఇయర్‌ఫోన్ బుడిపెలు, రిమోట్ బటన్లు, రబ్బరు బొమ్మలు ఇంట్లో నేల మీద లేకుండా చూడండి. నొప్పి తగ్గుతుందని మనుషుల ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ వేయడం అడ్డంకి కన్నా ప్రమాదం.

మలం గురించి ఇంకో ముగ్గురు అడిగారు. తారులా నల్లగా ఉంటే కడుపులో పుండు. దాని వెనక హెలికోబాక్టర్ అనే బాక్టీరియా ఉండవచ్చు, దానికి యాంటీబయాటిక్స్ ఉన్నాయి. కొత్త ఫెర్రెట్‌ని తెచ్చిన కొద్ది రోజులకి పాతదానికి ఆకుపచ్చని జిగురు విరేచనాలు పట్టుకుంటే అది కరోనా జాతి వైరస్ ఒకటి. 1993లో అమెరికా తూర్పు ప్రాంతంలో మొదట గుర్తించారు. కుర్రవి త్వరగా కోలుకుంటాయి. ముసలివి నీరసించిపోతాయి, వాటికి సెలైన్ అవసరమవుతుంది.

ప్రశ్న: మా కుక్కకి వేసే టీకానే ఫెర్రెట్‌కీ వేయించేయొచ్చా?

జవాబు: ఏదిపడితే అది వేయించకండి. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వస్తే ఫెర్రెట్ దాదాపుగా బతకదు. గడ్డం కింద దద్దురు, కళ్లకి పుసులు కట్టడం, పాదాలు గట్టిపడటం, తర్వాత ఫిట్స్. అందుకే టీకా తప్పనిసరి. అయితే బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసిన కొన్ని టీకాలు ఈ జాతిలో జబ్బునే తెప్పించగలవు. 1970ల మొదట్లో అమెరికాలో అంతరించిపోతున్న నల్లకాళ్ల ఫెర్రెట్లని కాపాడదామని పట్టుకుని, అప్పటికే పెంపుడు ఫెర్రెట్లకి హాని చేయదని తేలిన టీకా వేస్తే వాటిలో నాలుగు ఆ టీకాతోనే డిస్టెంపర్ వచ్చి చనిపోయాయి. దగ్గరి బంధువులే అయినా ఒకదానికి పనికొచ్చింది ఇంకోదాన్ని చంపింది. మీ డాక్టర్‌ని 'ఇది ఫెర్రెట్లలో వాడిందేనా, రీకాంబినెంట్ రకం (పూర్తి డిస్టెంపర్ వైరస్ లేకుండా చేసినది) దొరుకుతుందా' అని అడగండి. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోండి. రియాక్షన్ వస్తే ఎక్కువగా ఆ కాసేపట్లోనే వస్తుంది. రేబిస్ టీకా చంపిన వైరస్‌తో చేసినదే అయ్యుండాలి. రెండూ ఒకే రోజు వేయించకపోవడం మంచిది.

ప్రశ్న: డాక్టర్ ఆంటీ, నాకు ఫ్లూ వచ్చింది. మా ఫెర్రెట్ కూడా తుమ్ముతోంది. నా వల్లేనా? ఇంకోటి, అది పడుకున్నప్పుడు పిలిచినా కదిపినా లేవదు. చచ్చిపోయిందేమోనని ఏడ్చేశాను.

జవాబు: నీ వల్లే అయ్యుంటుంది తల్లీ, కానీ బాధపడకు. మనుషుల ఫ్లూ ఫెర్రెట్లకి తేలిగ్గా అంటుతుంది, వాటి నుంచి మనకీ అంటుతుంది. మనిషి ఫ్లూకి కారణం వైరస్ అని తేల్చింది కూడా ఇవే. 1933లో లండన్‌లో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అనే ముగ్గురు పరిశోధకులు జబ్బుపడిన మనుషుల గొంతు కడిగిన నీటిని ఫెర్రెట్ల ముక్కులో వేస్తే అవి కూడా జ్వరంతో తుమ్మాయి. నీకు తగ్గేదాకా దాన్ని అమ్మకి అప్పజెప్పు, దగ్గరికెళ్తే మాస్క్ పెట్టుకో. పెద్దదైతే వారం, పది రోజుల్లో తేరుకుంటుంది. తిండి మానేసినా, కళ్లకి పుసులు కట్టినా వెంటనే డాక్టర్‌కి చూపించండి. కోవిడ్ కూడా వీటికి అంటుతుంది.

నిద్ర సంగతి: ఇవి రోజుకి 14 నుంచి 18 గంటలు పడుకుంటాయి, కొన్నిసార్లు ఒంట్లో ఎముకల్లేనట్టు వేలాడతాయి. ఒళ్లు వెచ్చగా ఉండి, ఊపిరి నిదానంగా ఆడుతూ, ఒకటి రెండు నిమిషాల్లో ఆవులించి లేస్తే ఫర్వాలేదు. చల్లగా ఉండి, చొంగ కారుస్తూ, లేచాక తూలితే షుగర్ పడినట్టు. పైన తేనె గురించి రాసింది అమ్మతో కలిసి చదువు. తల మీద తెల్లటి చార ఉంటే చెప్పు, అలాంటివి చాలా వరకు చెవిటివి, అందుకే పిలిస్తే పలకవు.

ప్రశ్న: ఎండాకాలంలో ఏసీ తప్పనిసరా?

జవాబు: గది 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 30 దాటితే ప్రమాదం. వీటికి చెమట పట్టి ఒళ్లు చల్లబడే ఏర్పాటు లేదు. ఫ్యాన్ గాలి ఒక్కటే సరిపోదు. నోరు తెరిచి రొప్పుతుంటే పాదాలూ పొట్టా గోరువెచ్చని నీటితో తడుపుతూ ఆస్పత్రికి బయల్దేరండి. ఐసు నీళ్లలో ముంచకండి. దోమల వల్ల వచ్చే గుండె పురుగు కూడా వీటికి ప్రాణాంతకమే. ఆ గుండె సైజుకి ఒకటి రెండు పురుగులు చాలు. నెలనెలా వేసే నివారణ మందు గురించి అడగండి.

ప్రశ్న: ఏడేళ్లది. షుగర్ పడటానికి మందు, అడ్రినల్‌కి ఇంప్లాంట్, ఇప్పుడు లింఫోమా అన్నారు. కీమో చేయించకపోతే పాపమా? జంటగా ఉన్న రెండోది ఏమైపోతుందో అన్న టెన్షన్ వేరే.

జవాబు: పాపం కాదు. ఏడేళ్ల ఫెర్రెట్‌కి ఒకేసారి రెండు మూడు జబ్బులుండటం మామూలే. నా దగ్గరకొచ్చే ముసలివాటిలో ఒకే జబ్బున్నది అరుదు. కీమోతో కొన్నిటికి కొన్ని నెలలు దొరుకుతాయి, కొన్నిటికి ఆ నెలలన్నీ ఆస్పత్రి చుట్టూ తిరగడానికే సరిపోతాయి. మీదానికి మూడు జబ్బులున్నాయి కాబట్టి నేనైతే స్టెరాయిడ్‌తో హాయిగా ఉంచడమే చూస్తాను. పైగా షుగర్‌కి అది ఎలాగూ వాడుతున్నారు. తనంతట తాను తింటోందా, మూత్రానికి మూలకి వెళ్తోందా, మీరు గదిలోకొస్తే తలెత్తుతోందా అని రోజూ చూసుకోండి. ఈ మూడూ ఆగిపోయాక ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చమని అడగడానికి వెనకాడకండి. ఎప్పుడన్నది మీకే ముందు తెలుస్తుంది. డాక్టర్ చూసేది పది నిమిషాలే.

రెండోదాన్ని దాని పక్కన కాసేపు వదలండి, వాసన చూసుకుంటే ఇంటి నిండా వెతకడం తగ్గుతుంది. తర్వాత కొద్దిరోజులు అది తిండి మానేయకుండా చూడండి. వెంటనే తోడు తేవాలనిపిస్తుంది. దానికి ముందు రెండోదానికి అల్యూషన్ జబ్బు రక్త పరీక్ష చేయించండి. పార్వో జాతి వైరస్ వల్ల వచ్చే ఆ జబ్బుకి టీకా లేదు, మందు లేదు. పైకి ఏమీ కనిపించకుండానే ఏళ్లు మోస్తాయి. రిపోర్ట్ వచ్చేదాకా కొత్తదాన్ని తీసుకురావద్దు. తెచ్చేదానికి కూడా అదే పరీక్ష చేయించి, రెండు వారాలు వేరే గదిలో ఉంచండి.